ఈ నాలుగు నెలలుగా నేను వింటున్నది

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం మేడమీద హాల్లో మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసినదాన్ని విని, పెద్దగా మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లు వచ్చారు, మేష్టార్లు వచ్చారు, మన ఒడియా స్నేహితులు కూడా వచ్చారు. వాళ్లకి తెలుగు బాగానే అర్థమవుతుంది కాబట్టి తెలుగులోనే మాట్లాడతాను. పోయిన నెల ఇక్కడే కూర్చుని ఒక మాట అనుకున్నాం కదా, నెలకొకరు లేచి, శాస్త్రీయ సంగీతంలో ప్రస్తుతం ఏం వింటున్నారో చెప్పాలని. ఎప్పుడో విన్నవి కాదు, గొప్పవాళ్ల పేర్లు కాదు, ఈ నెలలో ఇంట్లోనో పనిలోనో చెవిలో ఏం మోగుతోందో అది. మొదటి వంతు నాకిచ్చారు. సంతోషం.

నేను సంగీతం నేర్చుకోలేదు. మందుల షాపు నడుపుతాను, మీలో చాలామందికి తెలుసు. పొద్దున్న ఏడున్నరకి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకి దించడం. కౌంటర్ మీద బిల్లు పుస్తకం పక్కన అరచేతిలో పట్టేంత స్పీకర్ ఒకటి పెట్టుకున్నాను, నేను వినేదంతా దాంట్లోనే. ఇంటికెళ్లాక వినే ఓపిక ఉండదు.

నాలుగు నెలల కిందట ఒకరోజు జరిగింది చెప్తాను. పాతపట్నం నుంచి ఒక పెద్దాయన నెలకోసారి వస్తారు, బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు తీసుకెళ్తారు. ఆ రోజు చిల్లర తీసుకుని మెట్టు దిగి, మళ్లీ వెనక్కొచ్చి, "అమ్మా, ఇందాక నేను వచ్చినప్పుడు మోగింది ఏ రాగం?" అన్నారు. నాకు గుర్తు రాలేదు. రాగం సంగతి సరే, ఏ పాటో కూడా గుర్తు రాలేదు. పొద్దున్నుంచీ ఆగకుండా మోగుతూనే ఉంది, ఒకటి సగంలో ఉండగా ఇంకోటి వేస్తూనే ఉన్నాను, ఒక్కటీ నా లోపలికి పోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నిజంగా. మా నాన్న రేడియోలో వారానికి ఒక్క కచేరీ దొరికితే, ఆ వారమంతా దాన్నే కూనిరాగం తీస్తూ తిరిగేవారు. నా ఫోన్‌లో లేని కచేరీ లేదు, కానీ నేను కూనిరాగం తీయడం మానేసి ఎన్నేళ్లయిందో!

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కదాన్నే పట్టుకోవాలి. కనీసం వారం, కుదిరితే నెల. అది లోపలికి పోయేదాకా ఇంకోటి ముట్టుకోకూడదు. ఈ నాలుగు నెలల్లో అలా పట్టుకున్నవి ఐదే ఐదు, ఆ ఐదింటి గురించే చెప్తాను.

మొదటిది త్యాగరాజస్వామి 'నిధి చాల సుఖమా'. కల్యాణి రాగం. మీలో దీన్ని విననివాళ్లు ఉండరు, నేనూ చిన్నప్పటి నుంచీ విన్నాను, అందుకే దాంతోనే మొదలుపెట్టాను, తెలిసినదాన్ని అసలు విన్నానా లేదా చూద్దామని. ముగ్గురు పాడిన రికార్డులు తీసుకుని వాటినే మార్చి మార్చి నలభై రోజులు విన్నాను.

మొదటి వారం అంతా మధ్యమం, అంటే 'మ' స్వరం దగ్గరే గడిచింది. కల్యాణికీ శంకరాభరణానికీ స్వరాల్లో తేడా ఆ ఒక్క మధ్యమమే కదా. శంకరాభరణం 29వ మేళకర్త, అంటే మూల రాగాల వరసలో 29వది, దానికి 36 కలిపితే 65, అది కల్యాణి, మధ్యమం కాస్త పైనుండే 'ప్రతి మధ్యమం' అవుతుంది, మిగతా స్వరాలన్నీ అలాగే ఉంటాయి. పుస్తకంలో చదివితే ఇది లెక్క. వింటే మాత్రం ఆ ఒక్క స్వరం కొద్దిగా పైకి జరిగినందుకు ఇల్లంతా కిటికీలు తెరిచినట్టుంటుంది. రెండో వారంలో ఇంకోటి పట్టుకున్నాను. పాడేవాళ్లు చాలాచోట్ల షడ్జాన్నీ పంచమాన్నీ వదిలేసి పక్కనుంచి వెళ్లిపోతున్నారు. ని నుంచి రి కి, మ నుంచి ద కి. తంబురాలో స, ప ఎలాగూ మోగుతూనే ఉంటాయి, గొంతు వాటి చుట్టూ తిరుగుతుంది తప్ప వాటి మీద కూర్చోదు. ఎవరూ చెప్పకుండా నా అంతట నాకు ఇది తెలిసిన రోజు కౌంటర్‌లో నిలబడి మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన పాపం బ్యాంకు లైన్లో ఉన్నారు, అయినా పూర్తిగా విన్నారు.

ఇక నెరవల్. తెలియని పిల్లలు ఉన్నారు కాబట్టి చెప్తున్నా, కీర్తనలో ఒక్క పాదం తీసుకుని, దాని మాటలు తాళంలో ఉన్నచోటే ఉంచి, సంగీతాన్ని మాత్రం మళ్లీ మళ్లీ కొత్తగా అల్లడం. ఈ కీర్తనలో ఎక్కువమంది 'మమతా బంధన యుత నరస్తుతి సుఖమా' అన్న చోట పట్టుకుంటారు. తాళం మిశ్రచాపు, తకిట తకధిమి, ఏడు అక్షరాలు. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, షాపులో ఎవరూ లేరు, నేను డేటు దాటిపోయిన స్ట్రిప్పులు ఏరుతున్నాను, స్పీకర్‌లో ఛార్జింగ్ ఉంది కాబట్టి నెరవల్ నడుస్తోంది. పాడుతున్నాయన 'నరస్తుతి సుఖమా' అని పదోసారో పదిహేనోసారో అడిగేసరికి నా చెయ్యి ఆగిపోయింది. అది పాట కాదండీ, ప్రశ్న. పల్లవిలోనే ఉంది కదా, 'నిజముగ పల్కు మనసా' అని. నిజం చెప్పవే మనసా అని అడుగుతున్నాడు. మొదటిసారి అడిగితే మనసు తప్పించుకుంటుంది, రెండోసారి అడిగితే ఏదో సాకు చెబుతుంది. అన్నిసార్లు, అన్ని దారుల్లోంచి వచ్చి అడిగితే ఇక ఎక్కడికి పోతుంది? నెరవల్ ఎందుకు చేస్తారో నాకు యాభై మూడేళ్ల వయసులో, చీకటి షాపులో, గడువు దాటిన దగ్గు మందు చేతిలో పట్టుకుని అర్థమైంది.

ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి. ఆమె ముందే కూర్చుంది, చెప్పడానికి ఒప్పుకుంది. పదో తరగతి, ఒడియా మీడియం. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. మన పిల్లల్లో చాలామంది పరిస్థితి అదే కదా. తను కూడా ఈ కీర్తన పాడతానంటే, ఒడియా లిపిలో రాసిచ్చాను. రాసేటప్పుడు తెలిసింది అసలు కష్టం. తెలుగులో ఎ వేరు, ఏ వేరు, ఒ వేరు, ఓ వేరు. ఒడియా లిపిలో ఆ తేడా లేదు, 'ఎందరో' అని రాస్తే 'ఏందరో' అని చదువుతుంది. పైగా ఒడియా వాళ్ల 'అ' మన 'అ' కాదు, ఒ కి దగ్గరగా పలుకుతుంది. నేను 'మమతా' అని రాసిస్తే, ఆమె కాగితం చూసి 'మొమొతా' అని పాడింది. 'నరస్తుతి' అంటే 'నొరొస్తుతి'. నేను వెంటనే ఆపేదాన్ని. హ్రస్వం ఉన్నచోట కింద చిన్న గీత, 'అ' ని విప్పి పలకాల్సిన చోట పైన చుక్క, ఇలా ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టాం. ఆ నోట్‌బుక్ ఇదిగో, చూడాలనుకునేవాళ్లు తర్వాత చూడొచ్చు. ఆ 'మొమొతా' గురించి చివర్లో మళ్లీ చెప్తాను.

ఆ గుర్తులు పెడుతున్నప్పుడే మనసు శ్రీపాద పినాకపాణి గారి మీదకి పోయింది. పోవడానికి కారణం ఉంది. ఆయన, పాటలోని గమకం, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరు, ఎక్కడ ఊగుతుందో, ఎక్కడ జారుతుందో కాగితం మీదకి ఎక్కించడానికి జీవితమంతా పెట్టిన మనిషి. 'సంగీత సౌరభం' సంపుటాలు చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ శ్రమ. ఆయన డాక్టర్, మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పిన డాక్టర్. నా వృత్తికి దగ్గరివాడు కాబట్టి నాకు మరీ ఇష్టం. పుట్టింది 1913లో, మన పక్కనే శ్రీకాకుళం జిల్లాలో, ప్రియాగ్రహారంలో. పోయింది 2013 మార్చిలో, నూరేళ్లు నిండటానికి ఐదు నెలలు తక్కువగా. పగలు ఆస్పత్రి, మిగతా వేళల్లో పాఠం. గాయకుడు నేదునూరి కృష్ణమూర్తి గారు విజయనగరం సంగీత కాలేజీలో చదువుకుని, తర్వాత ఈయన దగ్గర సానపట్టించుకున్నారు. అందుకని రెండో నెల నేదునూరి గారిని పట్టుకున్నాను. ఆయన గురించి నేను చెప్పగలిగేది ఒక్కటే, ఆయన గొంతులో ఏ రాగమూ తొందరపడదు. నిండుగా వస్తుంది, కూర్చుంటుంది, లేవాల్సినప్పుడు లేస్తుంది. షాపులో గిరాకీ ఎక్కువగా ఉన్న సాయంత్రాలు టెన్షన్‌తో తల పగిలిపోతుంటే ఆయన ఆలాపన వేసుకునేదాన్ని. నా చేతులు వాటంతట అవే నెమ్మదించేవి, చిల్లర ఇవ్వడంలో తప్పులు తగ్గాయి.

మూడోది ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్. ఇక్కడ కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మా తాతగారి దగ్గర గ్రామఫోన్ ఉండేదట. నేను చూడలేదు, ప్లేట్లు మాత్రం రెండు మిగిలాయి, ఒకటి పగిలింది. ఆ కాలం ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది, ఒక పక్కకి మూడు నాలుగు నిమిషాలు, అంతే. గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో చెప్పాలంటే మనిషికి ఆ రాగం ఎంత తెలియాలి! ఆ ప్లేట్లనే ఎవరో పుణ్యాత్ములు ఎక్కించిపెడితే ఇప్పుడు ఫోన్‌లో వింటున్నాం. ముందు చిటపట వస్తుంది, వానలో నూనె మూకుడు పెట్టినట్టు. మొదటి రెండు రోజులు ఆ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. మూడో రోజు నుంచి చప్పుడు వెనక్కి పోయి తీగ ముందుకొచ్చింది. నాయుడుగారి కమాను ఎక్కడ మళ్లిందో పట్టుకుందామని ప్రయత్నించాను. కమాను అటు చివరికి పోయాక ఇటు తిప్పాలి కదా, ఆ తిప్పిన చోట సన్నటి గీత పడాలి. వినపడదు. ఊపిరి తీసుకోకుండా పాడుతున్న మనిషిలా, స్వరం అలా సాగిపోతుంది, గుండ్రంగా, నిండుగా. ఇయర్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని ఇరవై సార్లయినా విని ఉంటాను.

ఆయన 1893లో పుట్టారు. చూపు తక్కువ. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆస్థానంలో ఒకాయన కొడుకు చూపు లేనివాడైతే, ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకోవడానికి మహారాజావారు బడి పెట్టించారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. నాయుడుగారు ఇరవయ్యారేళ్లకి వయొలిన్ చెప్పడానికి అందులో చేరారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1936 అంటే మనకి ఇంకో రకంగా గుర్తుండే సంవత్సరం, ఆ ఏప్రిల్ ఒకటిన మన ఊరు ఒడిశా రాష్ట్రంలోకి వచ్చింది. ఘంటసాల గారు చదివిందీ ఆ కాలేజీలోనే, సుశీల గారు చదివిందీ అక్కడే. ఇక్కణ్ణుంచి రైలెక్కితే ఒక పూట ప్రయాణం. మన ఊళ్లో సంగీతం ఎక్కడుందండీ, మద్రాసు వెళ్లాలి, హైదరాబాదు వెళ్లాలి అంటాం కదా, ఆ మాట నేను ఇక అనను.

వయొలిన్ గురించి ఒక్క సంగతి. అది తెల్లవాళ్ల వాద్యం, మన సంగీతంలోకి తెచ్చింది ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. వాళ్లు నిలబడి భుజం మీద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్లు కింద కూర్చుని, వయొలిన్ తల కుడికాలి చీలమండ మీద ఆనించుకున్నారు, ఎందుకంటే చెయ్యికి మొయ్యాల్సిన బరువు లేకపోతేనే వేళ్లు తీగమీద జారగలవు, జారితేనే గమకం. తీగల శ్రుతి కూడా మార్చేశారు, స ప స ప అని. వాద్యం పైవాళ్లది, కూర్చునే తీరు మనది, ఇక దాన్ని ఎవరిదని అంటారు? ఆ బాలుస్వామి దత్తత తీసుకున్న మనవడే సుబ్బరామ దీక్షితులు. తమిళదేశంలో ఎట్టయపురంలో కూర్చుని, 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చువేయిస్తే, ఆ పుస్తకం ఏ లిపిలో ఉందో తెలుసా? తెలుగు లిపిలో. అంత పెద్ద పుస్తకం, గమకాలకి కొత్త కొత్త గుర్తులతో సహా, తెలుగు అక్షరాల్లో. నేను ఒడియా లిపిలో త్యాగరాజ కీర్తన రాస్తూ, ఇదేం ఖర్మ, మన పాట మన పిల్లకి పక్క లిపిలో రాయాల్సి వచ్చింది అని బాధపడుతున్న రోజుల్లో ఈ సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చాక బాధపడటం మానేశాను. సంగీతం ఎప్పుడూ దొరికిన అక్షరాల్లోనే ప్రయాణం చేసింది.

ఎవరో ఏదో అడుగుతున్నారు... అవును మావయ్యా, రేడియో వచ్చేది. విజయవాడ స్టేషను, తర్వాత విశాఖపట్నం. మా నాన్న చిన్న రైల్లో పనిచేసేవారు, నౌపడా నుంచి మన ఊరికి 1900లో పడిన రైలు, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. నైట్ డ్యూటీ లేని రోజుల్లో మర్ఫీ రేడియో ముందు కూర్చునేవారు. రాత్రిపూట మీడియం వేవ్ ఎలా ఉంటుందో మీకు తెలుసు, పాట అలలా దగ్గరికొచ్చి దూరం పోయేది. ఆయన రేడియోని పట్టుకుని మెల్లగా తిప్పేవారు, గుమ్మం వైపు, గోడ వైపు. ఓలేటి వెంకటేశ్వర్లు గారు పాడుతున్నారంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఆ వినడం వేరు. పోతుందేమో అన్న భయంతో విన్నది కాబట్టి పోకుండా ఉండిపోయింది.

నాలుగోది తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని నేను ఇంకా పూర్తిగా వినలేదు, వినడం మొదలుపెట్టాను అంతే. క్షేత్రయ్య పదం, అంటే శృంగార గీతం, 'పయ్యెద పైమీద జేరి', నాదనామక్రియ రాగం, బృంద, ముక్త అక్కాచెల్లెళ్ల బాణీలో. వీణ ధనమ్మాళ్ మనవరాళ్లు వాళ్లు. దూరమైన మువ్వగోపాలుణ్ణి తలుచుకునే ఒక స్త్రీ మాటలు. పదం ఎంత నిదానంగా నడుస్తుందంటే ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య నేను ఒక బిల్లు రాసేయొచ్చు. కృష్ణా జిల్లా మువ్వ నుంచి బయల్దేరిన తెలుగు మాటలని, మద్రాసులో, ఇంట్లో తమిళం మాట్లాడుకునే ఆడవాళ్లు తల్లి నుంచి కూతురుకి, కూతురు నుంచి మనవరాలికి అందించి కాపాడారు. మనం ఆ కుటుంబానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఇంకో రెండు నెలలు పోయాక ఈ పదం గురించి ఎవరైనా అడిగితే సరిగ్గా చెప్పగలను.

ఇప్పుడు అయిదోది. అసలు ఇది చెప్పడానికే వచ్చాను.

మా షాపుకి నాలుగిళ్ల అవతల ఒక ఒడియా పెద్దాయన ఉంటారు, మేమంతా మౌసా అంటాం. రోజూ పదకొండింటికి వచ్చి బల్లమీద పేపరు చదువుకుని వెళ్తారు. నేదునూరి గారి ఆలాపన నడుస్తున్నప్పుడు ఒకరోజు పేపరు మడిచి, "ఏం రాగం ఇది?" అన్నారు. సావేరి అన్నాను. "మాకూ ఉంది సాబేరి, కానీ నడక వేరు" అని, అక్కడే బల్లమీద కూర్చుని పాడి వినిపించారు. నిజంగానే వేరు. పేరు ఒకటే. ఆ తర్వాత ఆయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు, వాళ్ల ఒడిస్సీ సంగీతంలో ముఖారి ఉంది, ఆనందభైరవి ఉంది, ధనాశ్రీ ఉంది, మనం వరాళి అన్నట్టు వాళ్లు బరాడి అంటారు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాల్లా, పేరు కలుస్తుంది, పోలిక ఎక్కడో ఒకచోట తగులుతుంది, ఎవరి ఇల్లు వారిదే. నేను మన సావేరి వినిపిస్తాను, ఆయన వాళ్ల సాబేరి పాడతారు, మందులు కొనడానికొచ్చినవాళ్లు చీటీ చేతిలో పట్టుకుని నిలబడతారు.

ఆయనే చెప్పారు గోపాలకృష్ణ పట్టనాయక్ గురించి. మన పర్లాకిమిడి మనిషి! 1784 నుంచి 1862 దాకా ఉన్నాడు. అంటే అక్కడ తిరువయ్యారులో త్యాగరాజస్వామి రాముణ్ణి పాడుతున్న రోజుల్లోనే, ఇక్కడ మహేంద్రతనయ ఒడ్డున ఈయన రాధాకృష్ణుల మీద పదాలు కట్టాడు. ఆయన పదాలు ఈరోజుకీ ఒడిస్సీ నాట్యంలో ఆడతారు, కచేరీల్లో పాడతారు. అదే కాలంలో గంజాంలో కవిసూర్య బలదేవ రథ్ చంపూ, అంటే పద్యం, వచనం కలిసిన కావ్యం, రాశాడు, కిశోర చంద్రానన చంపూ, 34 పాటలు, క నుంచి క్ష దాకా ఒక్కో హల్లుకి ఒక్కో పాట, ఆ పాటలో పాదాలన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగాను, గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ పాఠాలు చెప్పారని తెలుసు, గర్వంగా అందరికీ చెప్పేదాన్ని, గోపాలకృష్ణ పేరు మాత్రం యాభై మూడేళ్లు వచ్చేదాకా తెలియదు. పక్కింట్లో ఇంత సంగీతం ఉంటే గోడకి చెవి ఆనించలేదు. నాకు చాలా సిగ్గేసింది, ఆ మాట మౌసాతో కూడా అన్నాను. ఆయన ఏమన్నారంటే, "నాకు మీ త్యాగరాజు పేరు తెలుసు, పాటకి అర్థం తెలియదు, నువ్వు చెప్పు" అన్నారు. ఆ రోజు 'నిధి చాల సుఖమా' కి ఒడియాలో అర్థం చెప్పాను.

మౌసా నాకు ఇచ్చింది రఘునాథ్ పాణిగ్రాహి గారు పాడిన జయదేవుడి గీతగోవిందం. ఈ పేరు చెప్పగానే అక్కడ వెనక వరసలో ఎవరో 'చల్లని రాజా' అన్నారు, విన్నాను, ఆయనే! ఇలవేల్పు సినిమాలో 'చల్లని రాజా ఓ చందమామ' పాడిన గొంతు. ఆయన ఎక్కడివాడో తెలుసా? మన గుణుపూర్. అప్పటి మన చిన్న రైలుకి ఆఖరి స్టేషను. అక్కడ పుట్టి, మద్రాసు వెళ్లి, తెలుగువాళ్లు డెబ్బై ఏళ్లుగా మర్చిపోని పాట పాడి, సినిమా వదిలేసి వెనక్కొచ్చి, బరంపురంలో పుట్టిన సంయుక్తా పాణిగ్రాహి గారిని పెళ్లిచేసుకుని, ఆవిడ ఒడిస్సీ ఆడుతుంటే పక్కన కూర్చుని జీవితాంతం జయదేవుణ్ణి పాడాడు. మా అమ్మ ఆ సినిమా పాట పాడుతూ బియ్యం ఏరేది. ఆ గొంతూ ఈ గొంతూ ఒకటేనని తెలిసిన రోజు నేను ఏడ్చాను.

పూరీ గుళ్లో జయవిజయ ద్వారం దగ్గర ఒక శాసనం ఉంది, 1499లో ప్రతాపరుద్ర గజపతి వేయించాడు, స్వామి ముందు గీతగోవిందం తప్ప ఇంకో పాట పాడకూడదని. అందులోని పాటలే అష్టపదులు, మనకి అవి భజనల్లోంచి వచ్చాయి, ఇరవైనాలుగూ మన పెద్దవాళ్లు పాడేవారు, మన రాగాల్లో, మన ఉచ్చారణలో. అందుకే 'లలిత లవంగ లతా' నాకు కంఠతా వచ్చు. మౌసా షాపులో మొదటిసారి దాన్ని పాడినప్పుడు ఏమని పాడారో తెలుసా? 'లొలితొ లొబొంగొ లొతా'.

నేను ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టి పెట్టి మా అమ్మాయి నోట్లోంచి తీసేద్దామని చూసిన 'ఒ' ఇదే. 'మొమొతా' లోని 'ఒ'. మౌసా గొంతులో అది ఎంత బాగుందంటే, వసంతగాలి నిజంగా గుండ్రంగా, మెత్తగా వచ్చి తగిలినట్టుంది. ఆ మాటలు అక్కడ అలాగే పలకాలి. మా అమ్మాయి పక్కనే ఉంది, నా వైపు చూసింది. ఏమీ అనలేదు. నేనే అన్నాను, త్యాగరాజస్వామిని పాడేటప్పుడు చుక్కలు చూసుకో, జయదేవుణ్ణి పాడేటప్పుడు నీ నోరు నీకు ఎలా వస్తే అలా పాడు అని. ఇప్పుడు సాయంత్రాలు మౌసా దగ్గర నేర్చుకుంటోంది. నోట్‌బుక్‌లో ముందు నుంచి కీర్తనలు, వెనక నుంచి అష్టపదులు రాసుకుంటోంది, రెండూ ఒడియా లిపిలోనే.

ఎంత టైమయింది? సరే. వచ్చే నెల ఎవరు మాట్లాడతారో ఇప్పుడే అనుకుందాం, కాశీనగర్ నుంచి వచ్చిన వదినగారు నాదస్వరం వింటున్నానన్నారు, షేక్ చినమౌలానా గారిని. వదినా, మీరే చెప్పాలి, వెనక్కి తగ్గొద్దు.

ఇప్పుడు మా అమ్మాయి ఒకటి పాడుతుంది, తర్వాత మౌసా ఒకటి పాడతారు, ఆ తర్వాత నేను పాణిగ్రాహి గారి రికార్డు వేస్తాను, తొమ్మిది నిమిషాలు ఉంటుంది. ఫ్యాను ఆపేయండి ఎవరైనా, చప్పుడు ఎక్కువగా ఉంది. కిటికీలు తెరవండి. పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి. రా అమ్మా, శ్రుతి పెట్టుకో.